పడటం నేర్పిన వస్తాదు

అనగనగా కెంపుగిరి అనే రాజ్యం. ఆ రాజ్యంలో రాజుగారి కిరీటం కన్నా ముందు జెట్టీల మీసాలు కనిపించేవి. అంత పెద్ద మీసాలు, అంత పెద్ద మర్యాద.

కోట పక్కనే వాళ్ళ గరిడీ ఉండేది. గరిడీ అంటే కుస్తీలు నేర్చుకునే చోటు. ఎర్రమన్ను జల్లెడ పట్టి, అందులో మజ్జిగా పసుపూ కలిపి, పరుపులాగా మెత్తగా పరిచి ఉంచేవారు. రోజూ తెల్లవారగానే నలభై మంది జెట్టీలు ఆ మన్నుకి దణ్ణం పెట్టి దిగేవారు.

ఆ గరిడీకి ఒక ఆచారం ఉంది. కుస్తీలో ఎవడి వీపు నేలకి తగిలితే వాడు ఓడినట్టు. ఓడినవాడు వీపున ఉన్న మన్ను దులుపుకోకూడదు. పొద్దు గుంకేదాకా అలాగే బజారులో తిరగాలి. అందరూ చూస్తారు, ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుతారు. అలా బతుకులో మూడుసార్లు జరిగిందా, ఇక మీసం తీయించుకుని గరిడీ గుమ్మం దిగాల్సిందే.

దాంతో ఏమైంది? జెట్టీలకి గెలుస్తామన్న ఆశ కన్నా పడతామన్న భయం ఎక్కువైంది. తాతలు పట్టిన పట్టే పట్టేవారు, తండ్రులు వేసిన అడుగే వేసేవారు. కొత్తది ప్రయత్నించి పడితే? అమ్మో! మీసానికి సంపెంగ నూనె రాసుకుంటూ కూర్చోవడమే మేలనుకునేవారు.

కానీ పట్లు సాధన చేయాలంటే ఎవరినో ఒకరిని ఎత్తి పడెయ్యాలి కదా. జెట్టీలు జెట్టీలనే పడేసుకుంటే ఏడాది తిరిగేసరికి గరిడీలో ఒక్క మీసమూ మిగలదు. అందుకని పడటానికే ఒక మనిషిని పెట్టుకున్నారు. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా వంతులవారీగా అతన్ని ఎత్తి పడేస్తారు. అతను లేస్తాడు. మళ్ళీ పడేస్తారు. మళ్ళీ లేస్తాడు.

అతని పేరు తిప్పన్న. సన్నగా, పొట్టిగా, నవ్వు ముఖంతో ఉండేవాడు. పదిహేనేళ్ళుగా అతనికి అదే పని. రోజుకి రెండు సోలల బియ్యం, చిన్న బెల్లం ముక్క ఇచ్చేవారు. అతని వీపుకి ఎంత మన్నంటినా ఎవరూ లెక్కపెట్టేవారు కాదు. లెక్కపెట్టడానికి అతను జెట్టి అయితే కదా! ఊళ్ళో వాళ్ళు 'పడే తిప్పడు' అని పిలిచినా 'ఆఁ' అని హాయిగా పలికేవాడు.

పదిహేనేళ్ళు పడితే మనిషికి ఏమొస్తుంది? నడుంనొప్పి వస్తుందంటారు మీరు. తిప్పన్నకి అది మాత్రం రాలేదు. ఎలా పడితే దెబ్బ తగలదో అతని ఒంటికి తెలిసిపోయింది. గడ్డం గుండెకి ఆనించేవాడు. వీపుని గుండ్రంగా చేసేవాడు. అరచేత్తో నేలని ఫెళ్ళున చరిచి, దొర్లి లేచేవాడు. అంతేనా, కళ్ళు మూసుకుని పడినా తనని పడేసింది ఎవరో చెప్పగలిగేవాడు. ఒకడు ఎత్తేముందు ఊపిరి బిగపడతాడు. ఇంకొకడికి ఎడమ మడమ లేస్తుంది. మరొకడు ముందుగానే జనం వైపు చూస్తాడు. ఇదంతా ఒక విద్య అని పాపం తిప్పన్నకి తెలియదు. ఇంటికి పోయి రాగిసంకటి తిని, గోడకి ఆనుకుని తృప్తిగా త్రేన్చేవాడు.

అతని భార్య గంగులమ్మ మజ్జిగ అమ్మేది. ఆమెకి నోరు కాస్త పెద్దది, మనసు అంతకన్నా పెద్దది.

"జెట్టీలేమో పడేస్తారు, నువ్వేమో పడతావు. నీ పంచెకున్న ఎర్రమన్ను ఉతకలేక నా చేతులు అరిగిపోతున్నాయి" అని రోజూ దెప్పేది. దెప్పుతూనే మొగుడి వీపుకి ఆముదం రాసేది.

ఇలా ఉండగా, కనుమలో దొంగల బెడద మొదలైంది. కనుమ అంటే రెండు కొండల మధ్య ఇరుకు దారి. వారం వారం ఊరివాళ్ళు ఆ దారినే అవతలి సంతకి పోవాలి. రాజుగారు ముగ్గురు జెట్టీలని తోడిచ్చి పంపారు. ఇంకేం, జనం చేతులూపుకుంటూ బయలుదేరారు.

కనుమ నడుమ నలుగురు దొంగలు కర్రలతో అడ్డం వచ్చారు. నలుగురినీ కలిపి తూచినా ఒక జెట్టి అంత ఉండరు.

మొదటి జెట్టి కిందికి చూసి, "ఇక్కడ మన్నే లేదు, అన్నీ గులకరాళ్ళు. గులకరాళ్ళ మీద కుస్తీ పట్టడం మా వంశంలో లేదు" అన్నాడు.

రెండో జెట్టి, "వీళ్ళు భూదేవికి దణ్ణం పెట్టలేదు. దణ్ణం పెట్టందే కుస్తీ మొదలుపెట్టకూడదు" అన్నాడు.

మూడో జెట్టి వీపుకి అప్పటికే రెండుసార్లు మన్నంటింది. ఎందుకైనా మంచిదని వీపుని ఒక బండకి ఆనించి, కదలకుండా నిలబడ్డాడు.

ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. దొంగలు పకపకా నవ్వి మూటలన్నీ ఎత్తుకున్నారు. పోతూ పోతూ దారికి అడ్డున్న ఆడవాళ్ళని తోసేశారు. కుండలు చేసే ఓబుళమ్మ తలమీది కుండని రెండు చేతులా అదిమి పట్టుకుని పడింది. కుండ పగిలింది, మణికట్టు విరిగింది. ఆ పక్కనే గంగులమ్మ కూడా పడింది. ఆమె మాత్రం మజ్జిగ కుండని వదిలేసి, గడ్డం గుండెకి ఆనించి, గుండ్రంగా దొర్లి లేచి నిలబడింది.

సాయంత్రం ఈ సంగతి విని తిప్పన్న కంగారుపడ్డాడు.

"నీకేం కాలేదు కదా?"

"కాలేదయ్యా. పదిహేనేళ్ళుగా నీకు అన్నం పట్టుకొచ్చి, గరిడీ గుమ్మంలో కూర్చుని నువ్వు పడటం చూస్తున్నా కదా. ఒళ్ళు తనంతట తనే అట్లా పడింది" అంది గంగులమ్మ. తర్వాత గొంతు తగ్గించింది. "ఓబుళమ్మ చెయ్యి మాత్రం విరిగింది. నాలుగు నెలలు కుమ్మరి సారె తిప్పకూడదంట. ఇంట్లో ముగ్గురు పిల్లలు. ఏం తింటారో ఏమో."

తిప్పన్న గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"ఏమయ్యా, చూసి నేర్చుకున్న దానికే నా నడుం నిలిచింది. నువ్వు దగ్గరుండి నేర్పితే ఊరందరి నడుములూ నిలవవా?"

"నేర్పడానికి నాకేమొచ్చు గంగులూ? నాకు పడటం ఒక్కటే వచ్చు."

"అదే నేర్పు. రానిది నేర్పమన్నానా?"

ఆ మాట తిప్పన్న మనసులో నాటుకుంది. ఊరి చివర పాత కళ్ళం ఒకటి ఖాళీగా ఉంది. ఒకప్పుడు అక్కడ ధాన్యం నూర్చేవారు. మర్నాడు మధ్యాహ్నం గరిడీ పని కాగానే అక్కడికి పోయి, గడ్డి పరిచి, "పడటం నేర్పుతాను, రండి" అని పిలిచాడు.

ఊరంతా ఒకటే నవ్వు. "పడటం కూడా నేర్చుకోవాలా? మా అబ్బాయి అరటితొక్క మీద రోజూ పడుతూనే ఉన్నాడు" అన్నాడొకాయన. నవ్విన నాపచేనే పండుతుందని పెద్దలు ఊరికే అన్నారా? వారం రోజులు కుక్కలు తప్ప ఎవరూ రాలేదు. తిప్పన్న ఒక్కడే పడుతూ లేస్తూ ఉన్నాడు. ఎనిమిదో రోజు ఓబుళమ్మ చేతికి కట్టుతో వచ్చి గట్టు మీద కూర్చుంది. ఆ తర్వాత మూటలు మోసే గుర్రప్ప వచ్చాడు. చివరికి బడిలో పాఠాలు చెప్పే నరహరి అయ్యవారు, గొడుగు చంకలో పెట్టుకుని, ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి తిరిగి చూస్తూ వచ్చారు.

ముగ్గురూ పడటం నేర్చుకున్నారు. నేర్చుకున్నాక ముగ్గురూ మూడు ప్రశ్నలు వేశారు. తిప్పన్నకి ఒక్కదానికీ జవాబు తెలియదు. తెలియదని చెప్పడానికి అతను సిగ్గుపడలేదు. అదే అతని అదృష్టం.

చెయ్యి అతుక్కున్నాక ఓబుళమ్మ అడిగింది. "పడటం వచ్చింది తిప్పన్నా. మరి ఎవడైనా చెయ్యి పట్టుకుంటే?"

తిప్పన్న గరిడీలో చూసిన పట్టు చూపించాడు. బలంగా ఒక్క గుంజు గుంజాలి.

"అంత బలమే ఉంటే నీ దగ్గరికెందుకు వస్తాను?" అంది ఓబుళమ్మ. "సారె మీద మట్టి మొండికేస్తే నేను దానితో కొట్లాడను. అది ఎటు పోతే అటే చెయ్యి పోనిచ్చి, సందు దొరికినప్పుడు మళ్ళిస్తాను."

తిప్పన్న తన చేతిని గుర్రప్ప చేతికిచ్చి, సందు ఎక్కడుందా అని మూడు రోజులు వెతికాడు. నాలుగో రోజు దొరికింది. ఎంతటి బలవంతుడి పిడికిలికైనా బొటనవేలి దగ్గర ఒక తలుపుంటుంది. అటు వైపు మణికట్టు తిప్పితే చెయ్యి జారిపోతుంది. ఓబుళమ్మ మొదటిసారి గుర్రప్ప పిడికిలి నుంచి చెయ్యి తప్పించుకున్నప్పుడు ఇద్దరూ చిన్నపిల్లల్లా గంతులేశారు.

తర్వాత గుర్రప్ప అడిగాడు. "నాకన్నా బరువైనవాణ్ణి ఎత్తాలంటే ఎట్లా అన్నా?"

తిప్పన్న మళ్ళీ గరిడీ పట్టే చూపించాడు. రొమ్ముకి హత్తుకుని పైకి లేపాలి.

గుర్రప్ప పడీపడీ నవ్వాడు. "బస్తాని అట్లా ఎత్తితే నేను ఏనాడో పోయేవాణ్ణి! మన నడుం దాని కిందికి పోవాలన్నా. అప్పుడు బస్తా తనే వచ్చి వీపెక్కుతుంది."

తిప్పన్నకి జెట్టీల మడమలు గుర్తొచ్చాయి. ఎదుటివాడు లాగేటప్పుడు అతని మడమ లేస్తుంది. సరిగ్గా అప్పుడు మన నడుం అతని కిందికి పోతే? గుర్రప్పనే ఎత్తి చూశాడు. ఏనుగులాంటి గుర్రప్ప దూదిమూటలాగా గాల్లోకి లేచాడు.

ఆఖరున అయ్యవారు అడిగారు. ఆయన అందరికన్నా బాగా దొర్లేవారు. కానీ ఎవరైనా ఎత్తబోతే చాలు, ముఖం పాలిపోయేది.

"తిప్పన్నా, నాకిప్పుడు నేలంటే భయం లేదు. పడేసేవాడంటేనే భయం. గాల్లో ఉండగానే వాడు చెయ్యి వదిలేస్తాడు చూడు, అప్పుడు ఈ లోకంలో నాకెవరూ లేరనిపిస్తుంది. వదలకుండా పడెయ్యడం కుదరదా?"

తిప్పన్నకి గరిడీ గుర్తొచ్చింది. పదిహేనేళ్ళలో నలభై మంది తనని పడేశారు. పడేసిన తర్వాత ఒక్కడైనా చెయ్యి పట్టుకున్నాడా? పడెయ్యగానే మీసం మీదికే పోయేది ఆ చెయ్యి. ఇన్నాళ్ళూ తట్టని బాధ అతనికి ఆ సాయంత్రం తట్టింది. కళ్ళు తుడుచుకుని లేచి, ఆ రోజే నియమం పెట్టాడు. పడేసినవాడు, పడినవాడు క్షేమంగా నేలకి చేరేదాకా చెయ్యి వదలకూడదు. చేరాక, "దెబ్బ తగిలిందా?" అని అడగాలి. అడగనివాడు ఎంత మొనగాడైనా ఆ పూట కళ్ళం ఊడ్చి పోవాలి.

గరిడీలో ముప్పై రెండు పట్లున్నాయి. తిప్పన్న వాటన్నిటినీ ఒక్కొక్కటిగా కళ్ళంలో పెట్టి చూశాడు. ఓబుళమ్మ చెయ్యలేని పట్టుని పక్కన పెట్టాడు. చూడటానికి బాగుండి దారిలో పనికిరాని పట్టుని పక్కన పెట్టాడు. ఎముక విరిగే పట్టుని పక్కన పెట్టాడు. చివరికి తొమ్మిది మిగిలాయి. వాటిని ఏది ముందో ఏది వెనకో చక్కగా వరసలో పేర్చాడు. అయ్యవారు ఆ వరసకి 'నేలసాము' అని పేరు పెట్టారు.

రెండేళ్ళు గడిచాయి. కళ్ళానికి అరవై మంది వస్తున్నారు. ఒక సంతరోజున కనుమలో దొంగలు మళ్ళీ అడ్డం వచ్చారు. కాసేపటికి నలుగురూ గులకరాళ్ళ మీద వెల్లకిలా ఉన్నారు. ఒక్కొక్కడి చెయ్యి పట్టుకుని ఒక్కొక్క ఆడమనిషి, "దెబ్బ తగిలిందా నాయనా?" అని అడుగుతోంది. నియమం నియమమే కదా! దొంగలకి దెబ్బలు తగల్లేదు గానీ సిగ్గు మాత్రం గట్టిగా తగిలింది. ఆ తర్వాత కనుమలో వాళ్ళ నీడ కూడా కనపడలేదు.

ఊరంతా పండగ చేసుకుంది, జెట్టీలు తప్ప. బజారులో పిల్లలు వాళ్ళని చూసి, "గులకరాళ్ళున్నాయి జాగ్రత్త!" అని అరవసాగారు.

జెట్టీలకి పెద్ద భైరవ జెట్టి. ఆయన చెడ్డవాడు కాదు. కొండలాంటి మనిషి, మాట తప్పనివాడు. ఇరవై రెండేళ్ళుగా ఆయన వీపుకి మన్నంటలేదు. ఆ గర్వమే ఆయన్ని నిలబెట్టింది, ఆ గర్వమే ఆయన్ని కొత్త విద్య వైపు చూడనివ్వలేదు. నేరుగా కొమరభూపాల మహారాజు దగ్గరికి పోయాడు.

"ప్రభూ! నిన్నటిదాకా మా చేతుల్లో పడినవాడు ఇవాళ వస్తాదునంటున్నాడు. ఆడవాళ్ళకీ కూలీలకీ విద్య పంచుతున్నాడు. పడటమూ ఒక విద్యేనా? ఆ కళ్ళం మూయించండి."

రాజు తిప్పన్నని పిలిపించాడు. ఇద్దరి మాటా విని తీర్పు చెప్పాడు. "మూడు పరీక్షలు పెడతాను. మూడూ నెగ్గితే నేలసాముకి రాజముద్ర వేసి, కళ్ళాన్ని నీకే రాసిస్తాను. ఒక్కటి ఓడినా సాము మానెయ్యాలి. నువ్వూ నీ భార్యా కెంపుగిరి పొలిమేర దాటిపోవాలి. సమ్మతమేనా?"

"సమ్మతమే ప్రభూ" అన్నాడు తిప్పన్న. అని ఇంటికి వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు.

"ఎందుకట్లా అయిపోతావు? పోతే పోతాం. ఎక్కడికి పోయినా పడటానికి నేల ఉండదా?" అంది గంగులమ్మ.

తిప్పన్న నవ్వాడు, కానీ గుండె బరువుగానే ఉంది. ఒకప్పుడు గోడ పక్కనే నక్కి నడిచే అయ్యవారు ఇప్పుడు బజారు నడుమ గొడుగు ఊపుకుంటూ నడుస్తున్నారు. సాయంత్రమయితే అరవై మంది నవ్వులతో కళ్ళం నిండిపోతుంది. ఓడితే ఇదంతా ఆగిపోతుంది. బతుకులో మొదటిసారి, పోగొట్టుకోవడానికి అతనికంటూ ఒకటుంది.

పరీక్షల రోజు వచ్చింది. కోట ముంగిట జనం కిక్కిరిసిపోయారు. రాజు కావాలనే గరిడీని వదిలి, రాతిపలకలు పరిచిన ముంగిలిని ఎంచుకున్నాడు. "దొంగలు ఎర్రమన్ను వెంటబెట్టుకుని రారు కదా" అన్నాడు.

మొదటి పరీక్ష. ఒక జెట్టి ఓబుళమ్మ మణికట్టు పట్టుకుంటాడు. నగారా మీద పది దెబ్బలు పడేలోపు ఆమె విడిపించుకోవాలి. జెట్టి జాలిగా నవ్వి, విరిగి అతికిన చేతినే పట్టుకున్నాడు. ఓబుళమ్మ లాగలేదు, గింజుకోలేదు. జెట్టి లాగిన వైపే ఒక అడుగేసింది. మూడో దెబ్బకి చెయ్యి తిప్పింది. నాలుగో దెబ్బకి తన చేత్తో కొంగు సర్దుకుంటోంది. జెట్టి ఖాళీ పిడికిలి తెరిచి చూసుకున్నాడు.

రెండో పరీక్ష. ఇంకో జెట్టి నరహరి అయ్యవారిని పదిసార్లు పడేస్తాడు. పదోసారి కూడా ఆయన తన కాళ్ళ మీద లేవాలి. అయ్యవారు గొడుగుని గంగులమ్మ చేతికిచ్చి వచ్చారు. జెట్టి ఎత్తి పడేశాడు. అయ్యవారు దొర్లి లేచి, "ఒకటి" అన్నారు. మళ్ళీ పడేశాడు. "రెండు" అన్నారు, బడిలో ఎక్కాలు చెప్పించినట్టు. ఆరు అయ్యేసరికి జెట్టికి చెమటలు పట్టాయి. ఎనిమిదికి రొప్పసాగాడు. తొమ్మిదయ్యాక మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయాడు. అయ్యవారు దగ్గరికి పోయి, "నాయనా, కాసిని మంచినీళ్ళు తాగి పదోది కానిద్దువు గాని" అన్నారు. రాజు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. పదోసారి కూడా అయ్యవారు దొర్లి లేచారు.

మూడో పరీక్ష. భైరవ జెట్టికీ తిప్పన్నకీ కుస్తీ. వీపు ముందు ఎవరిది తగిలితే వారు ఓడినట్టు. గెలిచినవారు పాత కట్టడి ప్రకారం తొడ చరిచి, "గెలుపు నాది" అనాలి. అప్పుడే నగారా మోగుతుంది, అప్పుడే తీర్పు.

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. గంగులమ్మ అయ్యవారి గొడుగుని గట్టిగా పట్టుకుంది. భైరవ జెట్టి ముందుకి దూకి తిప్పన్న రెండు భుజాలూ పట్టాడు. ఆ చేతులు తిప్పన్నకి కొత్త కాదు. వాటిల్లో వేలసార్లు పడ్డాడు. జెట్టి లాగాడు. లాగినప్పుడు ఆయన కుడి మడమ లేచింది. తిప్పన్న నడుం ఆయన కిందికి పోయింది. కొండలాంటి భైరవ జెట్టి గాల్లోకి లేచాడు.

జనం కేక పెట్టారు. ఇక వదిలెయ్యడమే ఆలస్యం. వదిలేస్తే గెలుపు, కళ్ళం, రాజముద్ర.

కానీ తిప్పన్న ఆయన ముఖం చూశాడు. ఇరవై రెండేళ్ళుగా పడని మనిషికి పడటం ఎలా వస్తుంది? చేతులు కర్రల్లా బిగుసుకున్నాయి. మెడ వెనక్కి వాలిపోయింది. తల నేరుగా రాతిపలక అంచు మీదికి పోతోంది. గాల్లో ఆయన నోట ఒక్క మాట వచ్చింది. "అమ్మా" అని. చాలా చిన్నగా.

తిప్పన్న చెయ్యి వదల్లేదు. ఆయన్ని తన వైపుకి గుంజుకుని, తను కిందికి తిరిగి, రాతిపలకల మీద వెల్లకిలా పడ్డాడు. భైరవ జెట్టి వచ్చి అతని రొమ్ము మీద పడ్డాడు.

తగిలిన వీపు తిప్పన్నదే.

జెట్టీలు ఈలలు వేశారు, తలపాగాలు ఎగరేశారు. గంగులమ్మ కళ్ళు మూసుకుంది. ఇంట్లో ఏ కుండలు మోసుకుపోవాలో, ఏవి ఓబుళమ్మకి ఇచ్చిపోవాలో అప్పుడే లెక్కవేసుకుంటోంది.

తిప్పన్న కింద పడి ఉండగానే, "దెబ్బ తగిలిందా వస్తాదు గారూ?" అని అడిగాడు. తర్వాత మెల్లగా లేచి రాజుకి చేతులు జోడించాడు.

"ప్రభూ, నా వీపే ముందు తగిలింది. ఓడింది నేనే."

సాకు చెప్పలేదు, వంక పెట్టలేదు.

రాజు భైరవ జెట్టి వైపు చూశాడు. నగారా కర్ర పైకి లేచి ఆగింది. జెట్టి తొడ చరచాలి, ఒక్క మాట అనాలి. ఆయన అనలేదు. రాతి అంచునే చూస్తున్నాడు. దాని మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తీసి తన తల తడుముకున్నాడు.

"ఎందుకు వదల్లేదు తిప్పన్నా?" అన్నాడు చివరికి.

"వదిలితే మీకు దెబ్బ తగిలేదండీ."

"వదిలితే నువ్వు గెలిచేవాడివి."

"అవునండీ" అన్నాడు తిప్పన్న.

వెనకనించి జెట్టీలు, "తొడ చరచండి వస్తాదు గారూ! చరచండి!" అని అరిచారు. భైరవ జెట్టి వాళ్ళ వైపు ఒక్కసారి తిరిగి చూశాడు. అందరూ నోళ్ళు మూసుకున్నారు. ఆయన రాజు ముందుకి నడిచి, పెద్ద చేతులు రెండూ జోడించాడు.

"ప్రభూ, నేను తొడ చరచను. గాల్లో ఉన్నప్పుడు యాభై ఏళ్ళ నేను చిన్నపిల్లాడిలా మా అమ్మని పిలిచాను. పక్కనున్న మీకెవరికీ వినపడలేదు. ఇతనికి వినపడింది. నా తల ఇంకా నా మెడ మీదే ఉందంటే అది ఇతని దయ. ఈ గెలుపు నాదని అబద్ధం చెప్పలేను."

"నువ్వు చెప్పకపోతే ఈ కుస్తీ ముగిసినట్టే కాదు" అన్నాడు రాజు.

"ముగియొద్దు ప్రభూ. ఎన్నటికీ ముగియొద్దు."

కొమరభూపాలుడు సింహాసనం దిగి వచ్చాడు. "ఇద్దరిలో ఎవరు గెలిచారో నేను తేల్చలేను. ఓడినవారు మాత్రం ఇక్కడెవరూ లేరు. ఓడనివాణ్ణి పొలిమేర దాటించే హక్కు రాజుకి కూడా లేదు" అని, నేలసాము పేరు మీద అక్కడికక్కడే రాజముద్ర వేయించాడు.

జనం హోరులో తిప్పన్నకి ఏమీ వినపడలేదు. గంగులమ్మ ఎక్కడా అని వెతికాడు. ఆమె గొడుగు విప్పి ముఖానికి అడ్డం పెట్టుకుని హాయిగా ఏడుస్తోంది.

మర్నాడు కళ్ళంలో వరస నిలబడింది. వరస చివర, అయ్యవారి వెనకాల, భైరవ జెట్టి. ఆయన వంతు వచ్చేసరికి గడ్డిని కాలితో తడిమి చూశాడు. "వయసు మీరిపోయిందేమో తిప్పన్నా" అన్నాడు. "ఇంత ఎత్తున్నానాయె. నేల చాలా దూరంగా ఉంది."

"నేను పట్టుకుంటాను లెండి" అన్నాడు తిప్పన్న.

భైరవ జెట్టి కళ్ళు గట్టిగా మూసుకుని, గడ్డం గుండెకి ఆనించి, పడ్డాడు. గడ్డి ఎగిరి అందరి తలల మీదా రాలింది. పడి, కాసేపు కదల్లేదు. అందరూ భయపడి దగ్గరికి వచ్చారు. చూస్తే ఆ పెద్దాయన నవ్వుతున్నాడు. పొట్ట కదిలేలా, మీసాలు చెదిరేలా నవ్వుతున్నాడు.

"ఇంతేనా!" అన్నాడు. "ఇరవై రెండేళ్ళు నేను భయపడింది ఇంతేనా!"

కథ కంచి దారి పట్టింది. పోతూ పోతూ మనకొక మాట చెప్పి పోయింది: పడటానికి సిగ్గుపడేవాడు కొత్తది నేర్చుకోలేడు, పడేవాడి చెయ్యి వదలనివాడే నిజమైన గురువు.